ముందు చక్రం దెబ్బతింటే ప్రతిసారీ పైలట్ తప్పేనా?

సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానంలో సీటు వెనక్కి జరిపి, తల కిందికి వంచి, రడ్డర్ పెడల్స్ వెనక టార్చ్ వేస్తే ఫైర్‌వాల్ కనిపిస్తుంది. ఇంజిన్‌కీ మనుషులకీ మధ్య అడ్డుగా ఉండే రేకు అది. పోయిన నెల ఒక ట్రైనింగ్ విమానంలో ఆ రేకు కింది భాగం నలిగిన అట్టముక్కలా ముడతలు పడి ఉంది. పక్కన రివెట్ల చుట్టూ నల్లటి పొడి. రివెట్లు వదులయ్యాయని అర్థం.

ముందురోజు సాయంత్రం సోలోకి, అంటే ఒంటరిగా నడపడానికి, వెళ్లిన కుర్రాడు మూడు బౌన్సులు కొట్టి దింపాడట. విమానం మామూలుగానే పార్కింగ్‌కి వచ్చింది, బయటికి ఏ దెబ్బా లేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "డబ్బులు కట్టమంటారేమోనని భయమేసిందన్నా" అన్నాడు. రిపోర్టులో ఏం రాశారో చెప్పక్కర్లేదు. హార్డ్ ల్యాండింగ్, పైలట్ తప్పు. ముందు చక్రం దగ్గర ఏం జరిగినా పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం.

కుర్రాడి తప్పు లేదని మెకానిక్‌నైన నేననను. స్పీడ్ ఎక్కువతో వచ్చాడు. వెనక చక్రాలు తగలగానే విమానం మళ్లీ లేచింది. అప్పుడు పవర్ ఇచ్చి గో-అరౌండ్ చేయాలి, అంటే దిగకుండా మళ్లీ పైకి లేచిపోవాలి. కంగారులో యోక్ (విమానం స్టీరింగ్) ముందుకు తోశాడు, ముందు చక్రం ముందుగా నేలకు కొట్టుకుంది. తర్వాతి బౌన్స్ అంతకంటే గట్టిది. కానీ నేర్చుకునేవాడు చేసే తప్పే అది. ఇది నేర్చుకునేవాళ్లు నడిపే విమానమే కదా!

అదే విమానం వెనక చక్రాలు చూడండి. స్టీవ్ విట్‌మన్ ఆలోచనతో వచ్చిన స్ప్రింగ్ స్టీల్ కాళ్లు. గట్టిగా దింపినా రెండు పక్కలకీ విచ్చుకుని మళ్లీ యథాస్థానానికి వస్తాయి. ఆయిల్ లేదు, సీల్స్ లేవు. వందలమంది విద్యార్థుల తప్పుల్ని కిక్కురుమనకుండా మోస్తాయి. ముందు మాత్రం గాలీ ఆయిలూ నింపిన ఓలియో స్ట్రట్ (కుదుపు తట్టుకునే గొట్టం), దాన్ని తీసుకెళ్లి ఫైర్‌వాల్ కిందిభాగానికి బిగించారు. నిలబడి ఉన్నప్పుడు విమానం బరువులో కొంత భాగమే దాని మీద ఉంటుంది కాబట్టి అంతే చాలనుకున్నారు. ముక్కు మీద పడ్డ రోజున ఆ లెక్క ఎక్కడ నిలుస్తుంది? ఆ కాలికి పక్కనే ప్రొపెల్లర్ ఉంది, నేలకు అడుగు ఎత్తు కూడా ఉండదు. అది నేలకు తగిలిందంటే ఇంజిన్ విప్పి క్రాంక్‌షాఫ్ట్ చూడాల్సిందే. విమానంలో అన్నిటికంటే ఖరీదైన వస్తువులు, అన్నిటికంటే సున్నితమైన కాలు ఒకేచోట పెట్టారు.

172 అంటే తోక చక్రం ఉన్న పాత సెస్నా 170కి ముందు చక్రం పెట్టిన రూపమే. 1956లో అమ్మకానికి వచ్చినప్పుడు కంపెనీ ఆ ల్యాండింగ్ గేర్‌కి 'ల్యాండ్-ఓ-మాటిక్' అని పేరు పెట్టుకుంది. ముందు చక్రం వల్ల మేలు జరిగింది, అది నిజం. బరువు వెనక చక్రాలకు ముందు ఉంటుంది కాబట్టి రన్‌వే మీద విమానం గిర్రున తిరిగిపోయే గ్రౌండ్ లూప్ బాధ చాలావరకు తప్పింది. కానీ సులువుగా దిగుతుందని చెప్పి అమ్మినప్పుడు, సులువుగా తీసుకునేవాడి చేతికి తగ్గ బలం కూడా ఇవ్వాలి. 44 వేలకు పైగా తయారైన విమానం ఇది!

డిజైన్ మార్చడం కుదరని పనేం కాదు. ఇంట్లో కట్టుకునే వ్యాన్స్ ఆర్‌వీ-6ఏ, 7ఏ, 9ఏ విమానాల్లో ముందు కాలు ఒకే సన్నటి స్టీల్ కడ్డీ. మెత్తటి నేలలో చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ దిగబడితే ఆ కడ్డీ వెనక్కి మడుచుకుపోయి విమానాలు తలకిందులయ్యాయి. అప్పుడూ చాలామంది పైలట్లనే అన్నారు. అయినా కంపెనీ 2007లో నేలకు ఇంకాస్త ఎత్తుండే ఫోర్క్ ఇచ్చింది, ఆ తర్వాత ఆర్‌వీ-14ఏ తరహాలో కాలునే మార్చింది. పైలట్లదే తప్పయితే కాలెందుకు మార్చారు?

షిమ్మీ, అంటే చక్రం అటూఇటూ వణకడం, దాని సంగతీ అంతే. ల్యాండింగ్ రోల్‌లో ముందు చక్రం దడదడలాడితే విద్యార్థిని తిడతారు. వెళ్లి చూస్తే ఆ వణుకు ఆపే డ్యాంపర్‌లో ఆయిల్ ఉండదు, చక్రాన్ని తిన్నగా పట్టి ఉంచే టార్క్ లింక్ బుష్‌లు అరిగి చేత్తో ఊపితే ఊగుతుంటాయి. అది మా పని, వాళ్ల తప్పు కాదు.

కొత్త డిజైన్లు నా చేతిలో లేవు. ఇక్కడ ఉన్న పాత విమానాలతోనే పిల్లలు ఇంకా చాలా ఏళ్లు నేర్చుకుంటారు. అందుకే ఫ్లయింగ్ స్కూళ్లు నడిపేవాళ్లను ఒకటే అడుగుతున్నాను. బౌన్స్ అయిందని చెప్పిన విద్యార్థి దగ్గర డబ్బులు వసూలు చేయకండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు కూడా సాయంత్రం ఎంత లేటయినా వచ్చి చెప్పండి. టార్చ్ తీసుకుని పెడల్స్ కింద దూరి చూడటం నాకు పావుగంట పని. ఆ పావుగంట దొరకలేదు కాబట్టే, ముడతలు పడ్డ ఆ ఫైర్‌వాల్‌తో మర్నాడు పొద్దున ఏడింటికి ఇంకో అమ్మాయిని సోలోకి పంపబోయారు. ఆమె అప్పటికే సీట్లో కూర్చుని బెల్ట్ పెట్టుకుంది.