ఏడున్నర శాతం తగువు

(బాబాయి రిటైరైన సర్జన్. అమ్మాయి నిరుడు హౌస్‌సర్జన్సీ ముగించింది. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడుల్లో చదివి నీట్ పాసైనవారికి తమిళనాడు 2020లో వైద్య సీట్లలో 7.5 శాతం కేటాయించింది. అది మన దగ్గరా రావాలని అమ్మాయి పట్టు.)

బాబాయి: బల్ల మీదున్న రోగికి నువ్వు చదివిన బడితో పని లేదమ్మా. నీ చేయి వణుకుతుందా లేదా, అంతే.

అమ్మాయి: చేయి వణుకు నీట్‌లో కొలుస్తారా? 720 మార్కులకు 180 ప్రశ్నలు. రెండేళ్లు కోచింగ్‌లో కూర్చోబెట్టగల ఇంటికీ, కూలికి వెళ్తే తప్ప పొయ్యి వెలగని ఇంటికీ అదే కాగితం. పోనీ, మార్కులే ప్రతిభ అందాం. 2023లో పీజీ సీట్లు మిగిలిపోతే కటాఫ్‌ను సున్నా పర్సంటైల్‌కు దించారు, అంటే పరీక్ష రాస్తే చాలు. అప్పుడు మీకు రోగి గుర్తు రాలేదే! డబ్బున్నవాడికి ర్యాంకు తగ్గితే ఫీజు పెరుగుతుంది, లేనివాడికి దారే మూసుకుపోతుంది. తమ్ముడికి మీరు కొన్నది బి కేటగిరీ, అదే మేనేజ్‌మెంట్ కోటా సీటే కదా?

బాబాయి: వాడి సంగతి ఇప్పుడెందుకు? వాడూ నీట్ పాసయ్యాడు!

అమ్మాయి: ఈ పిల్లలూ పాసైనవాళ్లే, బాబాయ్.

బాబాయి: పొలం అమ్మి చదివించాను. అదీ తప్పేనా?

అమ్మాయి: అమ్మడానికి పొలం ఉంది, అంటున్నాను. మా వార్డులో ఒక ముసలమ్మ "కడుపులో దేవుతోంది" అంటే నాతో సహా ముగ్గురం తెల్లమొహాలు వేశాం. వాంతి వచ్చేట్టుందని చెప్పింది తెలుగు మీడియం నుంచి వచ్చిన మా స్నేహితుడే.

బాబాయి: అతను మొదటి ఏడాది అనాటమీ తప్పాడని నువ్వే చెప్పావు.

అమ్మాయి: సప్లిమెంటరీలో గట్టెక్కాడు.

బాబాయి: ఎవరి సాయంతో? కాలేజీ ఒక్క క్లాసైనా అదనంగా పెట్టిందా? సీటివ్వడం చవక, బడికి ఫిజిక్స్ మాస్టారినివ్వడం ఖరీదు. ప్రభుత్వం చవకైనది ఇచ్చి చప్పట్లు కొట్టించుకుంటుంది.

అమ్మాయి: (కాసేపు ఆగి) అది నిజమే. క్లాసులూ పెట్టాలి, మాస్టారూ రావాలి. కానీ అంతదాకా ఆగమని, ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్న పిల్లకు ఎలా చెప్తారు?

బాబాయి: అంత న్యాయమే అయితే ఏడున్నరేమిటి, ఆ లెక్క? పది ఎందుకు కాకూడదు?

అమ్మాయి: తమిళనాడు ప్రభుత్వం దీనికోసం వేసిన జస్టిస్ కలైయరసన్ కమిటీ అడిగింది పదే, బాబాయ్.