జీతమిచ్చి నేర్పే కొలువు

పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెత సైబర్ భద్రత ఉద్యోగ ప్రకటనలు చూసే పుట్టిందేమో అనిపిస్తుంది. అనుభవం లేనిదే ఉద్యోగం ఇవ్వరు. ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. కొన్ని ప్రకటనలైతే కొత్తవారికి అంటూనే సీఐఎస్‌ఎస్‌పీ అనే, అనుభవజ్ఞులకిచ్చే ధ్రువపత్రం అడుగుతాయి. అది పూర్తిగా చేతికి రావాలంటే ఈ రంగంలో ఐదేళ్లు జీతానికి పనిచేసి ఉండాలి. డిగ్రీ ఉంటే ఒక్క ఏడాది మినహాయింపు. ఈ సంగతి తెలిసే ఆ ప్రకటన రాశారా అన్నది మా సందేహం. మనుషులు దొరకడం లేదని వాపోయేదీ ఆ సంస్థలే.

ఈ ముడి విప్పగలిగినవి ప్రభుత్వాలు. పన్ను లెక్కలు, ఆసుపత్రి రికార్డులు, విద్యుత్ గ్రిడ్లు, ఓటర్ల జాబితాలు చాలావరకు వాటి చేతిలోనే ఉన్నాయి. వాటిని కాపాడే నిపుణులకు పెద్ద కంపెనీలిచ్చే జీతాలు మాత్రం ఇవ్వలేవు. తయారైనవారిని తెచ్చుకునే స్తోమత లేనప్పుడు తయారు చేసుకోవలసిందే. తొలినాటి నుంచే జీతమిచ్చి, పని చేయిస్తూ నేర్పే అప్రెంటిస్ కొలువులను ప్రభుత్వ శాఖలు తెరవాలని మేము కోరుతున్నది అందుకే.

ఈ విద్య తరగతి గదిలో సగమే వస్తుంది. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా వచ్చింది. దాన్ని తేల్చే పని క్లిఫర్డ్ స్టోల్‌కు అప్పగించారు. ఆయన ఖగోళ శాస్త్రవేత్త. పరిశోధన నిధులు అయిపోవడంతో కంప్యూటర్ విభాగానికి వచ్చినవాడు. ఆ చిల్లర తేడా వెంట పడి, టెలిఫోన్ లైన్లకు ప్రింటర్లు తగిలించి, అక్కడే బల్ల కింద నిద్రపోతూ నెలల తరబడి కాపు కాశాడు. ఆ దారి జర్మనీలోని హానోవర్‌లో ఉంటూ సైనిక సమాచారాన్ని సోవియట్ గూఢచారి సంస్థకు అమ్ముతున్న హ్యాకర్ దగ్గర తేలింది. స్టోల్‌కు ఈ రంగంలో పట్టా లేదు. తేడా కనిపిస్తే వదలని బుద్ధి ఉంది, వదలకుండా తిరగడానికి ఒక కొలువు ఉంది.

కంప్యూటర్లలోకి ఎవరైనా చొరబడుతున్నారా అని కాపు కాసే నేటి పర్యవేక్షణ కేంద్రాల్లోనూ పని స్వభావం అదే. ఒక రాత్రి షిఫ్టు ఊహించండి. తెల్లవారుజామున మూడింటికి తెర మీద ఒక అలర్ట్. గణాంక విభాగం గుమాస్తా ఖాతాకు ఆరుసార్లు పాస్‌వర్డ్ తప్పింది, ఏడోసారి తెరుచుకుంది. మతిమరుపా, దొంగతనమా? కొత్త కుర్రాడు లాగిన్ వివరాలనే తిప్పితిప్పి చూస్తాడు. పక్కన కూర్చున్న సీనియర్ మాత్రం తలుపు తెరుచుకున్నాక లోపల ఏం జరిగిందో చూడమంటుంది. మెయిల్ పెట్టెలో అప్పుడే ఒక కొత్త నిబంధన కనిపిస్తుంది: ‘చెల్లింపు’ అన్న మాట ఉన్న ప్రతి ఉత్తరమూ ఎవరూ తెరవని ఫోల్డర్‌లోకి పోవాలి. పాస్‌వర్డ్ మరిచిపోయినవాడు చేసే పని కాదిది. ఇలాంటివి పది చూసిన అప్రెంటిస్ పదకొండోదాన్ని తనంతట తానే పట్టుకుంటాడు. ఆ పదీ చూడాలంటే ముందు ఆ గదిలో కుర్చీ ఉండాలి.

2017 మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే కంప్యూటర్ పురుగు దాడి ప్రపంచాన్ని ఊపేసినప్పుడు బ్రిటన్ ఆసుపత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఆ పురుగు దూరిన రంధ్రాన్ని పూడ్చే ప్యాచ్‌ను, అంటే సాఫ్ట్‌వేర్ సవరణను, మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. రెండు నెలలపాటు చాలాచోట్ల దాన్ని వేసినవారు లేరు. ఏ కంప్యూటర్ ఎక్కడుంది, దానికి ఏ ప్యాచ్ పడింది, ఏది పడలేదు అని జాబితా రాసుకుని తిరగడం గొప్ప పనేమీ కాదు. అప్రెంటిస్‌లకు మొదటి ఏడాది అప్పగించదగిన పని.

ఆ దాడిని ఆపినవాడు మార్కస్ హచిన్స్. 22 ఏళ్లు, డిగ్రీ లేదు. ఆ పురుగు వెతుకుతున్న ఇంటర్నెట్ చిరునామా ఎవరి పేరునా లేదని గమనించి తన పేరున నమోదు చేసుకున్నాడు, వ్యాప్తి ఆగిపోయింది. అయితే బ్యాంకు వివరాలు దొంగిలించే ప్రోగ్రామ్‌ను అంతకు ముందే తయారు చేసినందుకు 2019లో అతను అమెరికా కోర్టులో నేరం ఒప్పుకోవలసి వచ్చింది. ఒకే చెయ్యి, రెండు పనులు. ఇలాంటి పిల్లలకు పదిహేడో ఏట తలుపు తట్టేది ఎవరన్నదే మా ప్రశ్న. ప్రభుత్వం తట్టకపోతే తట్టేవారు వేరే ఉన్నారు.

పథకాలు లేవని కాదు. అప్రెంటిస్‌షిప్ చట్టం అమెరికాలో 1937 నాటిది, భారతదేశంలో 1961 నాటిది. రెండూ ప్రధానంగా కార్ఖానాల చేతిపనులను తలచుకుని రాసినవే. అమెరికా పద్ధతిలో కనీసం 2,000 గంటల పని, దానికి తోడు ఏటా దాదాపు 144 గంటల పాఠం, నైపుణ్యం పెరిగేకొద్దీ పెరిగే జీతం ఉంటాయి. చివరిది మాకు బాగా నచ్చింది. ఉచిత శిక్షణ అంటే ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగలిగినవారికి మాత్రమే శిక్షణ. అద్దె కట్టవలసినవాడు, తల్లిదండ్రులను పోషించవలసిన అమ్మాయి ఆరు నెలలు జీతం లేకుండా కూర్చోలేరు.

అంకెలను మాత్రం కాస్త తట్టి చూసుకోవాలి. 2022లో అమెరికా 120 రోజుల ప్రత్యేక కార్యక్రమం పెట్టి 7,000 మందికి పైగా సైబర్ అప్రెంటిస్‌లు చేరారని ప్రకటించింది. వారిలో ప్రైవేటు సంస్థలు తీసుకున్నవారు సుమారు 1,000 మంది. పెద్ద వాటా సైన్యం తన సిబ్బంది కోసం నడిపే పథకానిది. అది తప్పు కాదు. కానీ అప్పటికే కొలువులో ఉన్నవారిని లెక్కలో చేర్చడం వేరు, బయట నిలబడ్డవారిని లోపలికి తీసుకోవడం వేరు.

చివర ఉద్యోగం లేని శిక్షణ ఎలా బెడిసికొడుతుందో కూడా ఆ దేశమే చూపింది. సైబర్ విద్యార్థులకు ఫీజులు కట్టి, అంతకాలం ప్రభుత్వ సేవ చేయాలని కోరే ఉపకార వేతనం అక్కడ పాతికేళ్లుగా ఉంది. సేవ చేయకపోతే ఆ సొమ్ము అప్పుగా మారుతుంది. 2025 జనవరిలో అక్కడి కేంద్ర ప్రభుత్వ నియామకాలు నిలిపివేశారు. మాట తప్పింది ఒకరైతే అప్పు భయం మరొకరికి. అందుకే ఏ పోస్టులో, ఎప్పటి నుంచి నియమిస్తారో చేరిననాటి కాగితంలోనే ఉండాలి.

నేర్పాక వెళ్లిపోతారు కదా అని ఆర్థిక శాఖలు గొణుగుతాయి. కొందరు వెళతారు. వెళ్లి బ్యాంకులో చేరితే మన ఖాతాలనే కాపాడతారు. నీటి సరఫరా సంస్థలో చేరితే మన కుళాయినే. రెండు మూడేళ్ల సేవ ఒప్పందం అడగడం న్యాయమే, అంతకు మించి కట్టేస్తే వెట్టి.

మిగిలింది నేపథ్య విచారణ. రహస్య సమాచారం ముట్టుకోవాలంటే అది తప్పదు, నెలలు పడుతుంది. ఎంపికైనవారిని అంతవరకు జీతం లేకుండా ఇంట్లో కూర్చోబెడితే వేరే చోట చేరిపోతారు. విచారణ అవసరం లేని పనులు బోలెడున్నాయి: మోసపు మెయిళ్లను గుర్తించడం సిబ్బందికి నేర్పడం, ఉత్తుత్తి నెట్‌వర్క్ మీద దాడిని ఎదుర్కొనే సాధన, ఆ ప్యాచ్‌ల జాబితా. ఫైలు తిరుగుతున్నంత కాలం వారిని ఆ పనుల్లో పెట్టవచ్చు, ఆ నెలల జీతం కూడా ఇవ్వవచ్చు.