చిన్న మార్పు గారికి, నమస్కరించి రాయునది

శ్రీయుత చిన్న మార్పు గారికి,

ఇక్కడ ఫ్రీలాన్సర్లందరం తమరి దయవల్ల మేలుకునే ఉన్నాం.

తమరు ఒంటరిగా రారు. "అంతే" అనే మాటను వెంటేసుకుని వస్తారు. "ఆ నీలం కాస్త లేతగా చేయండి, అంతే." వామనుడు బలిచక్రవర్తిని అడిగిందీ మూడడుగులే. లోగోలో నీలం మారిందంటే దాని మీది తెల్లక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయో లేదో చూడాలి. ప్రింటుకు సీఎంవైకే అంకెలు (అచ్చులో వాడే నాలుగు సిరాల పాళ్ళు) విడిగా తీయాలి. ఎస్‌వీజీ, పీడీఎఫ్, పీఎన్‌జీ ఫైళ్లుగా మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేయాలి. విజిటింగ్ కార్డులో, ఫేస్‌బుక్ కవర్‌లో పాతది తీసి కొత్తది పెట్టాలి. రంగు మార్చడానికి పది సెకన్లు, మిగతా తతంగానికి గంటన్నర. ఈలోగా ఫైలు పేరు ‘ఫైనల్’ నుంచి ‘నిజంగా ఫైనల్ 3’ దాకా పెరుగుతుంది.

కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్ళంటే తమరికి మహా ప్రీతి. ఖాతాలో ఒక్క రివ్యూ లేదు, కస్టమర్ అలిగి ఒకే స్టార్ ఇచ్చి పోతాడేమోనని గుబులు. అందుకే తమరు కనపడగానే "ష్యూర్ సర్" అనేస్తారు. ఎనిమిది గంటల ధరకు ఒప్పుకున్న పని పన్నెండు గంటలకు సాగిందంటే గంట రేటులో మూడో వంతు తెగినట్టే. ఫ్రీలాన్స్ పనులు దొరికే ఫైవర్ సైటులో అయితే తమరి కన్నా ముందే 20 శాతం కమీషన్ పోయి ఉంటుంది.

అలాంటిదే ఇంకో సైటు అప్‌వర్క్‌లో ఫిక్స్‌డ్ ప్రైస్ (ముందే ధర కుదుర్చుకున్న) పని అప్పగించాక కస్టమర్ 14 రోజులు పలక్కపోతే ఎస్క్రోలోని డబ్బు, అంటే కస్టమర్ ముందే కట్టి ఉంచిన సొమ్ము, దానంతటదే విడుదలవుతుంది. పదమూడో రోజున తమరు దిగారా, సవరించి మళ్ళీ అప్పగించిన నాటి నుంచి లెక్క కొత్తగా మొదలు. తమరి సమయపాలన అమోఘం. (ఎస్క్రోలో డబ్బు పడకుండానే పని మొదలుపెట్టే మహానుభావులకు ఎవరు చెప్పినా దండగే.)

తమరిని రావద్దనడం లేదు. ఏర్పాట్లు చేసుకున్నామని తెలియజేస్తున్నామంతే. పని ఒప్పుకునే మెసేజ్‌లోనే రాసేస్తున్నాం: ఏయే ఫైళ్లు ఇస్తామో, సవరణలు రెండు విడతలని, ఒక్కో విడతకు కోరికలన్నీ ఒకే జాబితాలో, నమూనా అందిన ఏడు రోజుల్లోపు పంపాలని. బ్రీఫ్‌లో (ఏం కావాలో మొదట్లో రాసుకున్న వివరాల్లో) ఉన్నదాన్ని మేం తప్పుగా చేస్తే ఎన్నిసార్లయినా ఉచితంగా దిద్దుతాం, అది విడతల్లోకి రాదు. బ్రీఫ్‌లో లేనిది కొత్త పని. ఓకే చెప్పేది ఎవరో ఒక్క పేరు అడిగి రాసుకుంటున్నాం. ఒక భాగస్వామికి నచ్చిన నీలం ఇంకొకరికి నచ్చకపోవడమే కదా తమరి జన్మరహస్యం!

మూడో విడతకు వచ్చినా "కుదరదు" అనం. "రెండు గంటలు పడుతుంది, ఇంతవుతుంది, గురువారానికి ఇస్తాం. లేదంటే ఇంకా మొదలుపెట్టని బ్యానర్ మానేసి దాని బదులు ఇది చేస్తాం" అంటాం. అది వినగానే చాలాసార్లు తమరే "ఉన్న నీలమే బాగుందండీ" అని వెనుదిరుగుతారు. ఉచితంగా చేసిపెట్టినా ఇన్‌వాయిస్‌లో ధర వేసి, కిందే పూర్తి తగ్గింపు చూపిస్తున్నాం. అలా చూపించకపోతే చేసిన మేలు కస్టమర్ కంటికి ఆనదు సరికదా, తర్వాతి పనికి అదే మామూలై కూర్చుంటుంది.

ఇట్లు,
తమరి విధేయులు,
ఫ్రీలాన్సర్లు

తా.క.: తమరి బావమరిది ‘అర్జెంట్’ గారు శుక్రవారం రాత్రి దిగి సోమవారం పొద్దుటికల్లా కావాలంటున్నారు. శని, ఆదివారాల్లో రేటు ఒకటిన్నర రెట్లని వారి చెవిన వేయగలరు.