మాజీ సైనికుడి నుంచి దేశాన్ని కాపాడటం ఎలా?

అమెరికా రక్షణ వ్యవస్థలో అన్నిటికన్నా కట్టుదిట్టమైనది ఏదని అడిగితే చాలామంది అణు జలాంతర్గాములని చెబుతారు. పాపం, వాళ్లకు లోపలి సంగతి తెలియదు. జలాంతర్గాములు శత్రువుల కోసం. వాటిని మించిన ఏర్పాటు ఇంకోటుంది, అది సొంత మాజీ సైనికుల కోసం. ఒకసారి యూనిఫాం వేసుకుని, గౌరవంగా బయటికొచ్చి, కొన్నాళ్లకు మళ్లీ మనసు లాగి, 'ఈసారి వేరే విభాగంలో చేరతానండీ' అంటూ రిక్రూటింగ్ ఆఫీసు మెట్లెక్కిన మనిషిని ఎక్కడికక్కడ నిలబెట్టడంలో ఆ దేశానికి సాటి లేదు. గిట్టనివాళ్లు దీన్ని రెడ్ టేపిజం అంటున్నారు. వాళ్ల కళ్లు తెరిపించే పని ఎవరో ఒకరు చేయాలి కదా.

ముందు పత్రం సంగతి చూద్దాం. సైన్యం వదిలిన ప్రతి వ్యక్తికీ ప్రభుత్వం డీడీ 214 అనే కాగితం ఇస్తుంది. ఎన్నాళ్లు చేశాడు, ఏ పతకాలొచ్చాయి, ఎందుకు వెళ్లాడు, అన్నీ అందులోనే. బ్యాంకు దాన్ని నమ్ముతుంది, కాలేజీ నమ్ముతుంది. దాన్ని అనుమానంగా, అటూ ఇటూ తిప్పి చూసేది దాన్ని ఇచ్చిన సైన్యమే. అందులోనూ ఈ కాగితానికి పొట్టి కాపీ ఒకటి, పొడుగు కాపీ ఒకటి. పొట్టిదాంట్లో ఎందుకు వెళ్లాడో ఉండదు. పొడుగుదాంట్లో ఉంటుంది. మనిషి దగ్గర పొట్టిది ఉంటే రిక్రూటర్ పొడుగుది అడుగుతాడు. ఏది ఉంటే అది కానిది అడగడమే భద్రతకు పునాది.

పొడుగు కాపీలో 27వ గడి అసలు జాతకం. దాన్ని ఆర్‌ఈ కోడ్ అంటారు. మనిషిని మళ్లీ రానివ్వొచ్చా లేదా అన్నది అక్కడ ఒక్క అంకెలో తేలిపోతుంది. ఆర్మీ లెక్కలో 1 అంటే రావచ్చు. 3 అంటే పైవాళ్లెవరైనా దయతలచి 'వేవర్' (మినహాయింపు కాగితం) మీద సంతకం పెడితే రావచ్చు. 4 అంటే ఇక ఇంటికి దయచేయండి. ఎయిర్ ఫోర్స్ వాళ్లు అంకె పక్కన అక్షరం కూడా తగిలిస్తారు. ఒక విభాగం వేసిన కోడ్‌ను ఇంకో విభాగం తన పద్ధతిలో చదువుకుంటుంది. రెండో పెళ్లి సంబంధానికి వెళ్లినవాణ్ణి 'మొదటిది ఎందుకు చెడింది బాబూ' అని అడిగినట్టే. పరస్పర అంగీకారంతో విడిపోయామంటే ఎవరు నమ్ముతారు? నాలుగేళ్ల ఒప్పందం నాలుగేళ్లకు ముగిసిందని చెప్పినా, 'అదే కదా, మరి ఎందుకు ముగిసింది?' అనే చూపు తప్పదు. ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. నేవీలో చేసి వచ్చినవాడికి ఈ సామెత విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

కాగితాల మీద ఆ ప్రభుత్వానికి ఉన్న శ్రద్ధను శంకించేవాళ్లు 1973 జూలై 12ను గుర్తుచేసుకోవాలి. సెయింట్ లూయిస్ దగ్గర సైనిక రికార్డులు దాచిన భవనం ఆ రోజు తగలబడింది. కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల ఫైళ్లు బూడిదయ్యాయి. వాటికి నకళ్లు లేవు, మైక్రోఫిల్మ్ లేదు, అక్కడ ఏమేం ఉండేవో చెప్పే పూర్తి సూచిక కూడా లేదు. రికార్డులున్న అంతస్తుల్లో స్ప్రింక్లర్లు పెట్టలేదు, నీళ్లు పడితే కాగితాలు పాడైపోతాయని భయం. (ఇప్పుడు మళ్లీ చేరదామనుకునేవాళ్ల ఫైళ్లు అందులో లేవు. కాలినవి అంతకు ముందు తరాలవి.) అంత జాగ్రత్తగా దాచిన సంస్థ ఎదుట నిలబడి 'నా కాగితం పోయిందండీ' అని ఒక మాజీ కార్పొరల్ అంటే దానికి కోపం రాదా మరి?

ఇక వైద్య పరీక్ష. దీన్ని మెప్స్ అనే కేంద్రంలో చేస్తారు. ముందురోజు రాత్రి హోటల్లో పెట్టి, తెల్లవారక ముందే లేపి, బస్సెక్కించి తీసుకెళ్తారు. యుద్ధం చూసి వచ్చిన ముప్పై నాలుగేళ్ల మనిషి, నిన్న మొన్న స్కూలు వదిలిన పిల్లలతో కలిసి లోదుస్తుల్లో వరసలో నిలబడతాడు. అందరూ గొంతుక్కూర్చుని, చేతులు ముందుకు చాపి, బాతుల్లా నడవాలి. డాక్టర్లు మోకాళ్ల వంక చూస్తుంటారు. పిల్లలు నవ్వాపుకుంటూ నడుస్తారు. మనవాడు మాత్రం మోకాలు టక్కుమన్న చప్పుడు ఎవరికైనా వినబడిందేమో అన్న టెన్షన్‌లో నడుస్తాడు.

తర్వాత చెవుల వంతు. చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, 'కీచు'మన్నప్పుడల్లా బటన్ నొక్కమంటారు. ఈయన ఫిరంగుల పక్కన నాలుగేళ్లు నిలబడ్డవాడు. ఆయన చెవిలో కీచు ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, ఎప్పుడని నొక్కుతాడు? మాజీ సైనికులకు వైకల్య పరిహారం ఇచ్చే ప్రభుత్వ శాఖ లెక్కల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఈ చెవి హోరే. అంటే వ్యవహారం ఇలా నడుస్తుందన్నమాట: ప్రభుత్వపు తుపాకి చెవి పాడుచేసింది. ప్రభుత్వపు ఒక శాఖ అవును, మా పని వల్లే పాడైందని ఒప్పుకుని డబ్బిస్తోంది. ప్రభుత్వపు ఇంకో శాఖ ఆ కాగితాన్నే పట్టుకుని, 'అయ్యో, మీకు చెవి సమస్య ఉందటగా' అంటోంది. పైగా మళ్లీ చేరి జీతం తీసుకుంటే ఆ పరిహారం ఆగిపోతుంది. చెవి హోరు మాత్రం ఆగదు.

వయసు విషయంలో ప్రభుత్వం నిజంగానే ఉదారం. చాలా విభాగాల్లో, గతంలో చేసిన సేవను వయసులోంచి తీసేస్తారు. ముప్పై ఎనిమిదేళ్లవాడు ఆరేళ్లు చేసి ఉంటే కాగితం మీద ముప్పై రెండు. యుద్ధం మనిషికి యవ్వనం ఇస్తుందని అధికారికంగా ఒప్పుకున్న ప్రభుత్వం ఇదొక్కటేనేమో. ఆ లెక్క మోకాళ్లకు చెప్పడం మాత్రం ఎవరి వల్లా కావడం లేదు.

ఇన్నీ దాటితే శిక్షణ. మెరీన్ కోర్‌లో (ఓడల మీంచి దిగి నేల మీద పోరాడే విభాగం) చేసినవాడు ఆర్మీకి వస్తే మామూలుగా మళ్లీ మొదటి శిక్షణ అక్కర్లేదు. కానీ ఆర్మీలో చేసినవాడు మెరీన్ కోర్‌కి వెళ్తే 13 వారాల బూట్ క్యాంప్ మొదట్నుంచీ చేయాలి. సార్జెంట్‌గా పదిమందిని నడిపించినవాడు కూడా అర్ధరాత్రి బస్సు దిగి, నేల మీద పసుపు రంగుతో వేసిన పాదాల గుర్తుల్లో తన పాదాలు పెట్టి, ఓనమాలు దిద్దాల్సిందే. అక్కడ 'నేను' అనకూడదు, 'ఈ రిక్రూట్' అనాలి. ఈ రిక్రూట్ మంచినీళ్లు తాగడానికి అనుమతి కోరుతున్నాడు, ఈ రిక్రూట్ గతంలో రెండుసార్లు యుద్ధానికి వెళ్లొచ్చాడు. రెండో వాక్యం గట్టిగా అనకపోవడం ఆరోగ్యానికి మంచిది.

'మనుషులు దొరకనప్పుడు వచ్చినవాణ్ణి కాస్త తేలిగ్గా రానివ్వొచ్చు కదా' అని సందేహం రావచ్చు. 2022లో ఆర్మీ 60,000 మందిని చేర్చుకోవాలనుకుంటే దాదాపు 15,000 తగ్గారు. మరుసటి ఏడు ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్ మూడూ లక్ష్యం అందుకోలేకపోయాయి. ఇక్కడే దూరదృష్టి కనబడుతుంది. పరీక్షలో మార్కులు చాలనివాళ్లను, ఒళ్లు ఎక్కువైనవాళ్లను 2022 ఆగస్టు నుంచి సౌత్ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్‌లో పెట్టుకుని, 90 రోజుల దాకా చదువు చెప్పి, బరువు తగ్గించి సైన్యానికి తయారుచేస్తున్నారు. మంచి పనే, నేను కాదనను. కానీ సైన్యమంటే ఏమిటో తెలియనివాడికి మూడు నెలలు తిండి పెట్టి నేర్పడం సులువు. తెలిసినవాడితోనే చిక్కు. వాడు జీతం ఎప్పుడు పడుతుందని అడుగుతాడు. కాంట్రాక్టులో చిన్న అక్షరాలు చదువుతాడు. రిక్రూటర్ చెప్పే 'ప్రపంచం చూడొచ్చు' కబురు వినగానే నవ్వుతాడు, ఆ ప్రపంచంలో కంచె ఎక్కడి దాకా ఉంటుందో వాడికి తెలుసు కనక.

అసలు ఈ నియమాలు లేని కాలంలో ఏం జరిగేదో చెబుతాను, వినండి. జాక్ లూకస్ అనే కుర్రాడు 1942లో 14 ఏళ్లకే, తల్లి సంతకం ఫోర్జరీ చేసి మెరీన్లలో చేరాడు. తనను యుద్ధానికి పంపడం లేదని 1945లో ఎవరికీ చెప్పకుండా ఓడెక్కి, యుద్ధం జరుగుతున్న జపాన్ దీవి ఐవో జిమా చేరాడు. పదిహేడు నిండిన ఆరో రోజున తోటివాళ్లను కాపాడటానికి రెండు గ్రెనేడ్లను ఒంటి కింద వేసుకున్నాడు. ఒకటి పేలింది, ఒకటి పేలలేదు. ఒంట్లో 200కు పైగా ముక్కలతో బతికి బయటపడ్డాడు. అధ్యక్షుడు ట్రూమన్ స్వయంగా అక్కడి అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చాడు. అంతటితో ఊరుకున్నాడా? 1961లో, ఎత్తంటే ఉన్న భయం పోగొట్టుకుందామని ఆర్మీలో కెప్టెన్‌గా చేరి పారాచూట్ దళానికి వెళ్లాడు. శిక్షణలో దూకితే పారాచూట్లు రెండూ తెరుచుకోలేదు. అయినా బతికాడు.

ఇప్పుడీ ఫైలు నేటి రిక్రూటర్ టేబుల్ మీద పడిందనుకోండి. ఫోర్జరీకి ఒక వేవర్. చెప్పకుండా ఓడెక్కినందుకు ఒక వేవర్. ఒంట్లో ఇనుముకు ఒక వేవర్. ఎత్తంటే భయానికి మానసిక వైద్యుడి ఉత్తరం. 'సార్, మీరు వచ్చే నెల కనబడండి.'

ఒక్క మినహాయింపు ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 1947లో ఎయిర్ ఫోర్స్ పుట్టినప్పుడు ఆర్మీ వైమానిక దళంలో ఉన్నవాళ్లంతా ఉన్నచోటే ఎయిర్ ఫోర్స్ వాళ్లయిపోయారు. 2019 డిసెంబరు 20న స్పేస్ ఫోర్స్ పుట్టాక ఎయిర్ ఫోర్స్ నుంచి వేలమంది బూట్ క్యాంప్ ఊసే లేకుండా అందులోకి మారిపోయారు. మనిషి విభాగం మారితే అనుమానించాలి, విభాగమే వచ్చి మనిషిని మార్చుకుంటే కేకు కోయాలి. సూత్రం అర్థమైంది కదా.

ఇక వేవర్ దొరకడం కష్టమన్న మాట ఒట్టి అపోహ. యూనిఫాం వదిలి కొన్నేళ్లు గడవని అధికారి రక్షణ మంత్రి కాకూడదని అక్కడ చట్టముంది. మొదట్లో పదేళ్లు ఉండేది, తర్వాత ఏడేళ్లయింది, ఇప్పుడు జనరళ్లకు మళ్లీ పదేళ్లు. 1950లో జనరల్ మార్షల్ కోసం, 2017లో మెరీన్ జనరల్ మాటిస్ కోసం, 2021లో ఆర్మీ జనరల్ ఆస్టిన్ కోసం కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఆ చట్టాన్ని పక్కన పెట్టింది. ఆస్టిన్ వేవర్ రెండు సభల్లోనూ ఒకే రోజు, జనవరి 21న పాసైంది. మర్నాడు ఆయన కుర్చీలో కూర్చున్నారు.

కాబట్టి మోకాలి ఆపరేషన్ కాగితాలు పట్టుకుని నెలల తరబడి తిరుగుతున్న మాజీ సార్జెంట్లకు నా సలహా: పాత ర్యాంకు కోసం ప్రాధేయపడి టైమ్ వేస్ట్ చేసుకోకండి. నేరుగా రక్షణ మంత్రి పదవికే పెట్టుకోండి. బాతు నడక లేదు, చెవి పరీక్ష లేదు, పొడుగు కాపీ అడిగేవాడు లేడు. ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్, మెరీన్ కోర్, స్పేస్ ఫోర్స్ ఐదూ ఒక్క దెబ్బతో మీ చేతి కిందికి వస్తాయి. కోస్ట్ గార్డ్ మాత్రం వేరే శాఖ కిందిది. అది కావాలంటే అప్లికేషన్ విడిగా పెట్టుకోవాలి.