పిలకాయల పుస్తకాల బీరువా తాళం గారికి

తాళం గారూ, బాగుండారా? మూడు నెలలుగా ఆదివారం ఆదివారం మా పాపని బండి మీద ఎక్కించుకుని తిరుపతిలో మీ లైబ్రరీకి వస్తా ఉండాను, ఎప్పుడొచ్చినా మీరు డ్యూటీలోనే ఉంటారు, అక్కడ లీవు పెట్టకుండా పనిచేసేది మీరొక్కరే అబ్బా. తాళంచెవి ఏదంటే సార్ దగ్గర, సార్ యాడంటే మీటింగులో. పాప అద్దానికి ముక్కు ఆనించి, ఆవిరి పడితే గౌను అంచుతో తుడిచి, అట్టల మీద పేర్లన్నీ ఎప్పుడో చదివేసింది.

మీ మర్యాదకేం తక్కువ లేదు లెండి. ఆయుధపూజకి మీకు చందనం, కుంకుమ పెట్టినారు. పుస్తకాలకి పెట్టలేదు, పెట్టాలంటే మిమ్మల్ని తీయాల కదా!

మీరు నోరు తెరిచేది నవంబర్ 14 నుంచి 20 దాకా, గ్రంథాలయ వారోత్సవాలకే. బల్ల మీద గుడ్డ పరిచి పుస్తకాలు పేర్చి, ముట్టుకోరాదని కాగితం అంటించి, పిలకాయల్ని లైన్లో నిలబెట్టి జరగండి జరగండి అంటారు, కొండ మీద మాదిరి. ఆమీట ఉపన్యాసాలు, సెల్‌ఫోన్ని తిట్టడం (తిట్టే ఆయనే మధ్యలో రెండుసార్లు ఫోనెత్తినాడు), చాక్లెట్, ఫొటో. సాంస్కృతిక కార్యక్రమం అయిపోయె.

టోక్యోలో ఉయెనో అనే చోట అచ్చంగా పిలకాయలకే జాతీయ లైబ్రరీ ఉంది. బిల్డింగ్ 1906 నాటిదే, తడావో ఆండో అనే ఆర్కిటెక్ట్ చేత బాగు చేయించి 2000లో మే 5న, వాళ్ల బాలల దినోత్సవం నాడు తెరిచినారు, తెరిచినాక మళ్లీ తాళం వేసేది మర్చిపోయినట్టుండారు పాపం. నిజం చెప్పాలంటే వాళ్లూ పుస్తకం ఇంటికియ్యరు, మీరు సంతోషపడొచ్చు. కానీ పిలకాయలు అరలో నుంచి లాక్కుని అక్కడే కూచుని చదువుకుంటారు, పెద్దోళ్లు కూచోబెట్టి కథలు చెప్తారు, బొమ్మల పుస్తకాల ఎగ్జిబిషన్లు పెడతారు, స్కూళ్లకైతే పుస్తకాల సెట్లే పంపిస్తారు. చిరిగిపోవా అంటారేమో. చిరగనీండి సామీ, చెదలకి పెట్టేదానికన్నా మేలే కదా!

ఇంకొకటి, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు నేనూ కడతా ఉండాను, మీకు పూసే నూనెలో నాదీ ఒక చుక్కుంది.

పోయిన వారం పాప మిమ్మల్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "సెవెన్ లీవర్స్" అని గట్టిగా చదివింది. ఆ రూములో అది చేత్తో పట్టుకుని చదివింది ఇంతవరకూ అదొక్కటే.

ఇట్లు,
పన్ను రసీదు దాచిపెట్టుకున్న ఒక నాయన