మూడు లక్షల గీత కింద

శ్రీకాకుళం రోడ్ అని పేరున్న రైల్వే స్టేషను శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. రైలు దిగినవారు ఆటోలోనో బస్సులోనో పది కిలోమీటర్లు దాటి వెళ్తే గాని ఊరు చేరరు. ఆ స్టాండులో విద్యుత్ ఆటో నడిపే డ్రైవరు ఒకరు సీటు కింద నుంచి చుట్ట చుట్టిన తీగ తీసి చూపించాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లినప్పుడు ఆ తీగను కిటికీలోంచి లాగి ఛార్జింగు పెట్టుకుంటాడట. సాయంత్రం నరసన్నపేట బేరం తగిలితే ముందు బ్యాటరీ గీతలు చూస్తాడు, ఆ తరువాతే మనిషి ముఖం చూస్తాడు. చాలాసార్లు బేరం వదులుకుంటాడు.

విద్యుత్ వాహనాలకు ప్రపంచ దేశాలు పెడుతున్న ఖర్చు మాటలు వింటుంటే మాకు ఆ తీగే గుర్తొస్తోంది. నార్వే 1990లోనే పన్ను మినహాయింపులు మొదలుపెట్టింది, 2001లో విలువ ఆధారిత పన్ను కూడా ఎత్తివేసింది. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం విద్యుత్తువే. డబ్బున్న దేశం కదా అనవచ్చు. కానీ జర్మనీకి డబ్బు లేదా? బడ్జెట్ చిక్కుల్లో పడి 2023 డిసెంబరులో రాత్రికి రాత్రి రాయితీ ఆపేస్తే, మరుసటి ఏడాది అమ్మకాలు నాలుగో వంతుకు పైగా పడిపోయాయి. అమెరికా ఇచ్చిన 7,500 డాలర్ల పన్ను రాయితీ కూడా 2025 సెప్టెంబరుతో ముగిసింది. విధానం నిలకడగా ఉంటుందన్న నమ్మకం లేకపోతే కొనేవాడు కొనడు, ఛార్జింగు కేంద్రం పెట్టేవాడు పెట్టడు.

మనం చూడవలసింది కార్లు కొనిపించిన దేశాలను కాదు, చైనాను. 2009లో వాళ్లు మొదట పట్టుకున్నది బస్సులను, టాక్సీలను, ప్రభుత్వ వాహనాలను. 2017 ముగిసేసరికి షెన్‌జెన్ నగరం తన బస్సులన్నింటినీ, పదహారు వేలకు పైగా, విద్యుత్తుకు మార్చేసింది. ఇందులో లెక్క తేలిక. ఇంటి ముందు నిలబడి ఉండే కారు కన్నా పొద్దస్తమానం తిరిగే బండి ఎక్కువ డీజిలు తాగుతుంది. మార్పు అక్కడ మొదలైతేనే పెట్టిన డబ్బుకు ఫలితం.

మన కేంద్ర ప్రభుత్వానికీ ఈ సంగతి తెలుసు. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకం 10,900 కోట్లలో ప్రైవేటు కార్లకు రాయితీ లేదు, బస్సులకు 4,391 కోట్లు కేటాయించారు. ఆ మేరకు మెచ్చుకోవలసిందే. చిక్కు కొలబద్దలో ఉంది. ఆ బస్సులు 40 లక్షల జనాభా దాటిన తొమ్మిది మహానగరాలకు. అంతకన్నా చిన్న నగరాల కోసం 2023లో పీఎం ఈ-బస్ సేవ తెచ్చారు, దానికి 2011 లెక్కల ప్రకారం మూడు లక్షల జనాభా గీత గీశారు. విజయనగరం ఆ గీతను అందుకోలేదు, శ్రీకాకుళం అందులో సగమైనా లేదు. ఒక పథకానికి మనం చిన్నవాళ్లం, రెండో పథకానికి మరీ చిన్నవాళ్లం!

పట్టణ జనాభాతో కొలిస్తే ఈ జిల్లాల ప్రయాణం లెక్కకు రాదు. ఇక్కడి రద్దీ ఊళ్లో కాదు, ఊళ్ల మధ్య ఉంటుంది. పాతపట్నం నుంచి టెక్కలికి, గార నుంచి శ్రీకాకుళానికి, నెల్లిమర్ల నుంచి విజయనగరానికి జనం రోజూ తిరుగుతారు. రథసప్తమినాడు అరసవల్లికి, సిరిమానోత్సవానికి పైడితల్లి గుడికి వచ్చేవారిని ఏ జనగణనలో చూపిస్తారు? పట్టణంలో ఎందరు ఉంటున్నారని కాక, మార్గంలో రోజుకు ఎందరు ఎక్కి దిగుతున్నారని అడగాలి. ఆర్టీసీ దగ్గర టిక్కెట్ల లెక్క ఉండనే ఉంది.

ఆటోల సంగతి వేరు. అక్కడ ధర కన్నా అప్పు పెద్ద అడ్డంకి. పాతబడిన విద్యుత్ ఆటో ఎంతకు అమ్ముడవుతుందో తెలియక ఫైనాన్సువారు వెనకాడతారు, ఇచ్చినా వడ్డీ బరువుగా వేస్తారు. విద్యుత్ వాహనాలపై జీఎస్టీ 5 శాతమే అయినా, కిస్తీ కట్టేవాడికి ఆ తేడా వడ్డీలో కరిగిపోతుంది. 2024-29 కాలానికి విధానం ప్రకటించిన రాష్ట్ర ప్రభుత్వం ఈ అప్పులకు హామీగా నిలబడితే, కొత్త రాయితీ కన్నా అదే మేలు.

తుపాను మాటా చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు స్తంభాలు నేలకూలి, పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి వేళ ఆసుపత్రికి వెళ్లవలసిన ఆటో కదలాలంటే, ఈ తీరంలో పెట్టే ఛార్జింగు కేంద్రాల్లో కొన్నింటికైనా సౌర పలకలు, నిల్వ బ్యాటరీలు తప్పనిసరి చేయాలి. హైదరాబాదుకు గీసిన నమూనానే ఇచ్ఛాపురానికి పంపితే కుదరదు.

పీఎం ఈ-డ్రైవ్‌లో ఛార్జింగు కేంద్రాలకు విడిగా 2,000 కోట్లు ఉన్నాయి. రెండు జిల్లాల కలెక్టర్లు రైల్వేతో, ఆర్టీసీతో, విద్యుత్ పంపిణీ సంస్థతో ఒకసారి కూర్చుని ఆటో స్టాండ్లకు, బస్సు కాంప్లెక్సులకు ప్రతిపాదనలు పంపాలి. ఆమదాలవలస స్టేషను ముందు ఒక రేకుల షెడ్డు, ఒక మీటరు, ఆరేడు ప్లగ్గులు ఉంటే ఆ డ్రైవరు నరసన్నపేట బేరం ఒప్పుకుంటాడు.