గుమ్మానికి గుమ్మడికాయ ఉంటే స్కోరు పెరగాలా?

బెంగళూరు మారతహళ్లిలో తెలుగువాళ్ల ఫ్లాటుకు దిష్టి గుమ్మడికాయ వేలాడుతుంటే ఎవరూ వింతగా చూడరు. ఆ ఇంటి పదిహేనేళ్ల పిల్లవాడికి స్కిజోటైపల్ లక్షణాల (వింత నమ్మకాలు, ఎవరితోనూ కలవకపోవడం, పొంతన లేని మాటల వంటివి) ప్రశ్నావళి, అంటే ఎస్‌పీక్యూ ఇచ్చి, కంటికి కనిపించని శక్తులను నమ్ముతావా అని అడిగితే మాత్రం 'అవును' అంటాడు. స్కోరుకు ఒక మార్కు కలుస్తుంది.

అడ్రియన్ రెయిన్ 1991లో రూపొందించిన ఎస్‌పీక్యూలో ప్రశ్నలు 74. అవునంటే ఒకటి, కాదంటే సున్నా. వింత నమ్మకాలు, వింత అనుభూతులు ఒక గుంపు. మనుషులకు దూరంగా ఉండటం, ముభావం రెండోది. పొంతన లేని మాట, ప్రవర్తన మూడోది. ధ్యాస, పని జ్ఞాపకం (విన్నదాన్ని కాసేపు మనసులో పట్టుకుని వాడుకోవడం) మందగించడంతో ఎక్కువగా ముడిపడి కనిపించేవి చివరి రెండు గుంపులే, అదీ కొద్దిపాటిగానే. కానీ తల్లిదండ్రులు కంగారుపడేది మొదటి గుంపు చూసి! మొత్తం స్కోరు ఒక్కటే రాసిచ్చే రిపోర్టుతో అందుకే పెద్దగా ఉపయోగం లేదు.

ఇతరులపై అనుమానం గురించి అడిగే ప్రశ్నల సంగతీ అంతే. అనంతపురం నుంచి వచ్చి తొమ్మిదో తరగతిలో చేరిన అమ్మాయికి, కన్నడంలో మాట్లాడుకుని నవ్వేవాళ్లు తననే అంటున్నారనిపించడం సహజం. భాష వచ్చాకా అలాగే అనిపిస్తోందా అన్నది అడగాలి.

జ్ఞాపకానికి అంకెల పరీక్ష పెడతారు. సెకనుకు ఒక అంకె చొప్పున చదివి వరుసగా, తర్వాత వెనక నుంచి చెప్పిస్తారు. ఒకే పొడవున్న రెండు వరుసలూ తప్పితే ఆపేస్తారు. ఇక్కడే చిక్కు. 'ఎనిమిది', 'తొమ్మిది' పలకడానికి 'ఎయిట్', 'నైన్' కన్నా ఎక్కువసేపు పడుతుంది. పలకడానికి పొడుగైన మాటలు తక్కువ గుర్తుంటాయి. ఇంగ్లీషు అంకెలతో తయారైన ప్రమాణాలకు తెలుగు జవాబులను తూస్తే లేని లోపం కనిపిస్తుంది. మాతృభాషలో పెడితే న్యాయం చేసినట్టేనన్నది సగం నిజం. పిల్లవాడు ఎక్కాలు ఏ భాషలో చెబుతాడో ఆ భాషలో పెట్టాలి, ఏడాది తర్వాత మళ్లీ పెట్టినా అదే భాషలో.

నిద్ర మరో తంటా. రాత్రి రెండింటిదాకా ఫోను చూసి, ట్రాఫిక్‌కు భయపడి ఆరున్నరకే స్కూలు బస్సెక్కేవాడికి ధ్యాస పరీక్ష పెడితే బయటపడేది నిద్రలేమే. అందుకే పరీక్షకు వెళ్లేటప్పుడు వారం రోజుల నిద్ర లెక్క, రెండేళ్ల మార్కుల కార్డులు పట్టుకెళ్లండి. కంటి పరీక్ష, వినికిడి పరీక్ష ముందే చేయిస్తే ఇంకా మంచిది.

పద్దెనిమిది నిండకుండా వ్యక్తిత్వ రుగ్మత అని రాయాలంటే లక్షణాలు కనీసం ఏడాదిపాటు ఉండాలని మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికన్ మాన్యువల్ డీఎస్ఎం చెబుతోంది. ఆ ఏడాది చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. గొంతులు వినిపిస్తున్నాయన్నా, స్నేహితులను, తిండిని ఒక్కసారిగా వదిలేసినా, మార్కులు అకస్మాత్తుగా కూలినా వెంటనే చూపించాలి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల, కౌమారుల మనోవైద్య విభాగం ఉంది. అంతదూరం వెళ్లేలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.